నాన్న షుగర్ రిపోర్టులో కెమిస్ట్రీ పాఠం

రాత్రి పదకొండున్నర. గుంటూరులో మా అక్కవాళ్లిల్లు. హాల్లో ట్యూబులైటు కింద ఇద్దరు పిల్లలు, వాళ్ల ముందు రెండు పుస్తకాల గుట్టలు. పెద్దది ఎంబీబీఎస్ ఫస్టియర్, సెలవులకి హాస్టల్ నుంచి వచ్చింది. చిన్నవాడు ఇంటర్ సెకండియర్ బైపీసీ. దాని ముందు బయోకెమిస్ట్రీ, వీడి ముందు ఆర్గానిక్ కెమిస్ట్రీ. ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి గానీ మాట బయటికి రావట్లేదు. గుళ్లో కూర్చుని జపం చేసుకుంటున్నట్టే ఉంది!

టీ గ్లాసులు వాళ్ల ముందు పెట్టి వచ్చిన అక్క, నన్ను వంటింట్లోకి పిలిచింది. ''పెద్దది బయోకెమిస్ట్రీ ఇంటర్నల్ తప్పిందే. చదవట్లేదా అంటే పుస్తకం కింద పెట్టదు. ఏం చెయ్యాలో తోచట్లేదు'' అంది గొంతు తగ్గించి.

మర్నాడు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పిల్లే నోరు విప్పింది. ''గ్లైకాలసిస్ పన్నెండుసార్లు చదివాను పిన్నీ. పేపరు చూడగానే మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. నాకసలు జ్ఞాపకశక్తే లేదు. మెడిసిన్ మానేస్తాను'' అంటూ ఏడ్చేసింది. రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుని తెచ్చుకున్న సీటు అది!

దాని పుస్తకం తీసి చూశాను. పేజీలకి పసుపు రాసినట్టుంది. హైలైటర్ తగలని వాక్యం ఎక్కడుందో వెతుక్కోవాలి. తమ్ముడి నోట్సు చూస్తే అదో రకం. రియాక్షన్లన్నీ ఒకదాని కింద ఒకటి, కిరాణా కొట్టు చీటీలా. ఇంటర్లో నేనూ సరిగ్గా ఇలాగే రాసుకున్నాను. ఫలితం కూడా ఇలాగే ఉండేది.

ఆ భయం ఈనాటిది కాదు

ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే జడుసుకునేది మన పిల్లలే అనుకుంటే పొరపాటు. 1828లో ప్రయోగశాలలో యూరియాని తయారుచేసి చరిత్రకెక్కిన జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ కూడా జడుసుకున్నవాడే. జంతువుల శరీరంలో తయారయ్యే పదార్థాన్ని మూత్రపిండాలతో పనిలేకుండా చేసి చూపించిన ఘనుడాయన. అంతటివాడు 1835లో తన గురువు బెర్జీలియస్‌కి ఉత్తరం రాస్తూ, ఆర్గానిక్ కెమిస్ట్రీ మనిషికి పిచ్చెక్కించేలా ఉందనీ, దారీతెన్నూ లేని కీకారణ్యంలా కనిపిస్తోందనీ మొరపెట్టుకున్నాడు.

అప్పటికి ఆ అడవిలో దారులు లేవు. ఇప్పుడున్నాయి. వచ్చిన చిక్కల్లా... దారి పట్టుకోకుండా, అడవిలో ఉన్న చెట్లన్నిటి పేర్లూ బట్టీ పట్టాలని చూడటమే!

ఈ మాట నాది కాదు. అక్కవాళ్ల పక్కవీధిలో ఉండే కెమిస్ట్రీ మాస్టారిది. ముప్ఫయ్యేళ్లకి పైగా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున కాఫీకి వచ్చినప్పుడు అక్క సంగతంతా చెప్పుకుంది. ఆయన పిల్లని పిలిచి ఒకటే మాటన్నారు. ''పుస్తకం మూసెయ్ తల్లీ. తెల్లకాగితం తీసుకుని గ్లూకోజ్ దగ్గర మొదలుపెట్టు. నువ్వు ఎక్కడ ఆగితే మన పాఠం అక్కడ.''

పన్నెండుసార్లు చదివిన పాఠం మూడో మెట్టు దగ్గరే ఆగిపోయింది.

చదివితే వచ్చినట్టే ఉంటుంది

''చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు'' అన్నారు మాస్టారు. బజార్లో ఎదురైన మనిషి మొహం తెలిసినట్టే ఉంటుంది, పేరు మాత్రం నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోతుంది. పుస్తకం పదోసారి చదువుతున్నప్పుడు జరిగేది అదే. ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. ఆ ధీమాతోనే పరీక్షకి వెళ్తాం. అక్కడేమో మొహం చూపించరు, పేరు చెప్పమంటారు!

దీనికి రుజువుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. మరికొందరి చేత ఒక్క విడతే చదివించి, మిగిలిన మూడు విడతలూ చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకి 83 శాతం గుర్తుంటే రెండోవాళ్లకి 71 శాతమే. వారం ఆగి పరీక్ష పెట్టేసరికి లెక్క తిరగబడింది. నాలుగుసార్లు చదివినవాళ్లకి మిగిలింది 40 శాతం. ఒక్కసారి చదివి మూడుసార్లు రాసుకున్నవాళ్లకి 61 శాతం!

పరీక్ష ఎప్పుడూ ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా. అందుకే పిల్లకి లేనిది జ్ఞాపకశక్తి కాదు, సాధన. అదీ చేతితో చేసే సాధన.

సంధి సూత్రం తెలిస్తే చాలు

తర్వాత వంతు చిన్నవాడిది. ''ఆల్డిహైడ్లు, కీటోన్ల రియాక్షన్లు ఎన్నున్నాయిరా?'' అడిగారు మాస్టారు. ''చాలా ఉన్నాయి సార్. హైడ్రోజన్ సయనైడ్, గ్రిగ్నార్డ్ కారకం, ఆల్కహాల్, అమ్మోనియా రకాలు...'' అంటూ వాడు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

''సవర్ణదీర్ఘ సంధి చదువుకున్నావా? దేవాలయం, విద్యాలయం, కవీంద్రుడు, భానూదయం... ఈ మాటలన్నీ విడివిడిగా బట్టీ పట్టావా? సూత్రం తెలుసుకున్నావు, మాటలు వాటంతటవే వచ్చాయి. ఇదీ అంతే'' అంటూ కాగితం మీద ఒక కార్బన్, దానికి రెండు గీతలతో ఒక ఆక్సిజన్ గీశారు.

ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్ల మీద ఆశ ఎక్కువ. కార్బన్‌తో సమానంగా పంచుకోవాల్సినవాటిని తనవైపు లాక్కుంటుంది. దాంతో కార్బన్ మీద కొంచెం ధనావేశం మిగులుతుంది. అంటే ఆ కార్బన్‌కి ఎలక్ట్రాన్ల కరువన్నమాట. ఎలక్ట్రాన్లు దండిగా ఉన్నవాళ్లు ఎవరొచ్చినా నేరుగా ఆ కార్బన్‌కే అతుక్కుంటారు. సయనైడ్ వచ్చినా అక్కడికే, గ్రిగ్నార్డ్ వచ్చినా అక్కడికే, అమీన్ వచ్చినా అక్కడికే. వాడు వేళ్ల మీద లెక్కపెట్టిన రియాక్షన్లన్నీ ఒకే కథ. వచ్చిన చుట్టం మారాడంతే!

మార్కోవ్నికోవ్ నియమమూ అంతే. 1870 నాటి ఆ నియమాన్ని ఫస్టియర్లోనే వల్లెవేసి ఉంటారు. ప్రొపీన్‌కి హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే, హైడ్రోజన్లు ఎక్కువున్న చివరి కార్బన్‌కే ఇంకో హైడ్రోజన్ చేరుతుంది, బ్రోమిన్ మధ్య కార్బన్‌కి వెళ్తుంది. ఎందుకు? హైడ్రోజన్ ముందుగా చివర చేరితే ధనావేశం మధ్య కార్బన్ మీద పడుతుంది. మధ్యలో ఉన్నదానికి రెండువైపులా ఆసరా ఉంటుంది కాబట్టి అది కాస్త నిలకడగా ఉంటుంది. ఈ ఒక్క 'ఎందుకు' తెలిస్తే నియమం మర్చిపోయినా మళ్లీ రాబట్టుకోవచ్చు. పెరాక్సైడ్ వేస్తే ఫలితం ఎందుకు తిరగబడుతుందో కూడా తెలుస్తుంది. అప్పుడు దారే వేరు. ముందు వచ్చి చేరేది హైడ్రోజన్ కాదు, బ్రోమిన్.

ఫ్రిజ్ మీద కాగితం

సరిగ్గా అప్పుడే బావగారు స్నానం చేసి వచ్చి కాఫీ అడిగారు. ''చక్కెర లేకుండా'' అంది అక్క వంటింట్లోంచి. ''ఒక్క చెంచా వెయ్యి, ఏం కాదు'' అన్నారాయన. ఆ ఇంట్లో అది రోజూ జరిగే గొడవే. నెలక్రితం చేయించిన షుగర్ రిపోర్టు ఫ్రిజ్ మీద పడి ఉంది. మాస్టారు దాన్ని తీసి పిల్ల చేతిలో పెట్టారు. ''ఇదేంటో చెప్పు తల్లీ.''

''హెచ్‌బీఏ1సీ. 8.2 శాతం. మూడు నెలల సగటు షుగర్ చెబుతుంది'' అంది టక్కున.

''మూడు నెలలే ఎందుకు? ఆరు నెలలు ఎందుకు కాదు?''

పిల్ల తెల్లమొహం వేసింది. ''తమ్ముడి నోట్సు చూడు. ఆల్డిహైడ్ ప్లస్ అమీన్ ఏమవుతుంది?''

''షిఫ్ బేస్!'' వాడు అందుకున్నాడు.

అక్కడుంది అసలు కిటుకు. గ్లూకోజ్ ఒక ఆల్డిహైడ్. రక్తంలో అది ఎక్కువగా చుట్టుకుని ఉంగరంలా ఉంటుంది గానీ, చాలా కొద్ది భాగం విచ్చుకుని తన ఆల్డిహైడ్ గుంపుని బయటపెడుతుంది. ఎర్రరక్తకణంలోని హిమోగ్లోబిన్‌కి చివర ఒక అమీన్ గుంపు ఉంటుంది. ఇందాకటి కథే! ఎలక్ట్రాన్లున్న అమీన్, కరువులో ఉన్న కార్బన్‌కి అతుక్కుంటుంది. మొదట తయారయ్యేది షిఫ్ బేస్. అది విడిపోగలదు. తర్వాత లోపల సర్దుబాటు జరిగి గట్టిబంధం అవుతుంది. దానికి అమడోరి మార్పు అని పేరు. ఇందులో ఏ ఎంజైముకీ పనిలేదు. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ హిమోగ్లోబిన్‌కి ఈ అతుకు పడుతుంది. ఎర్రకణం బతికేది దాదాపు 120 రోజులు. కణం పోయాక దాంతో పాటే ఆ లెక్కా పోతుంది. అందుకే రిపోర్టు రెండు మూడు నెలల చిట్టా మాత్రమే చెప్పగలదు.

తమ్ముడి ఆర్గానిక్, అక్క బయోకెమిస్ట్రీ, నాన్న రక్తం... మూడూ ఒకే గీత మీద నిలబడ్డాయి. బావగారు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ''అంటే నేను వేసుకున్న చెంచాలన్నీ అందులో రాసిపెట్టి ఉంటాయన్నమాట!'' అన్నారు చివరికి.

ఇంటిపేర్లు చెప్పే ఎంజైములు

బయోకెమిస్ట్రీలో పిల్లల్ని బెదరగొట్టేవి పెద్దపెద్ద పటాలు. గ్లైకాలసిస్‌లో పది మెట్లు, పది ఎంజైములు. పేర్లు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ పేర్లే పని చెబుతాయంటారు మాస్టారు. మనకి ఇంటిపేర్లున్నట్టే వాటికీ ఉన్నాయి. చివర కైనేజ్ అని ఉంటే ఫాస్ఫేట్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేది. ఐసోమరేజ్ అంటే ఉన్న పరమాణువులనే అటూఇటూ సర్దేది. డీహైడ్రోజనేజ్ అంటే హైడ్రోజన్ తీసేసేది.

పది మెట్లలో కైనేజులు నాలుగు. ఒకటి, మూడు మెట్ల దగ్గర ఏటీపీ ఖర్చవుతుంది. ఏడు, పది మెట్ల దగ్గర వస్తుంది. నాలుగో మెట్టులో ఆరు కార్బన్ల అణువు రెండు మూడు కార్బన్ల ముక్కలుగా చీలిపోతుంది కాబట్టి, అక్కడి నుంచి రాబడి రెట్టింపు. రెండు ఖర్చు, నాలుగు జమ, మిగులు రెండు. కిరాణా పద్దంత తేలిక! ఇంకో విశేషం... ఆ చీల్చే ఎంజైము పేరు ఆల్డొలేజ్. ఇంటర్ పుస్తకంలోని ఆల్డాల్ చర్యని వెనక్కి నడిపించడమే దాని పని. అంటే రెండేళ్ల క్రితం 'అయిపోయింది' అనుకుని అటకెక్కించిన పాఠమే ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

ఒకటి, మూడు, పది మెట్లు ఒకవైపే నడుస్తాయి, వెనక్కి రావు. ఇదెందుకు ముఖ్యమో కూడా బావగారే తేల్చారు. ''రాత్రి రెండు పుల్కాలే తిన్నాను. పొద్దున్నే చూస్తే షుగర్ ఎక్కువుంది. మిషనే తప్పు!'' అన్నారు. తప్పు మిషన్‌ది కాదు. మనం నిద్రపోతున్నప్పుడు కాలేయం తన దగ్గరున్న నిల్వలోంచి గ్లూకోజ్ వదులుతుంది, కొత్తగా తయారు కూడా చేస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లలో ఆ పనికి పగ్గాలుండవు. ఆ తయారీ పేరే గ్లూకోనియోజెనిసిస్. దాదాపు గ్లైకాలసిస్ మెట్ల మీదే వెనక్కి నడక. వెనక్కి రాని ఆ మూడు చోట్ల మాత్రం చుట్టుతిరిగి వేరే ఎంజైములతో రావాలి. ఈ సంగతి తెలిస్తే రెండో పటంలో సగానికి పైగా వచ్చేసినట్టే.

ఇలా చేసి చూడండి

ఆ పొద్దున మాస్టారు చెప్పినవి, తర్వాత పిల్లలు ఆచరించినవి ఇవీ:

* పాఠం ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయాలి. తెల్లకాగితం మీద గుర్తున్నంతా గీయాలి. ఆగినచోట మాత్రమే పుస్తకం తెరవాలి. ఎర్ర పెన్నుతో దిద్దుకుని, కాగితం పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి గీయాలి.

* ఒకే రోజు ఐదుసార్లు గీయడం కంటే ఇవాళ, ఎల్లుండి, వారానికి, పదిహేను రోజులకి ఒక్కోసారి గీయడం మేలు. కొంచెం మర్చిపోయాక గుర్తు తెచ్చుకున్నదే గట్టిగా నిలుస్తుంది.

* ప్రతి రియాక్షన్‌లో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎలక్ట్రాన్లు ఎవరి దగ్గర ఎక్కువున్నాయి? ఎవరికి తక్కువున్నాయి? ఎవరు ఎటు వెళ్తారు? బాణం గుర్తు ఎప్పుడూ ఎలక్ట్రాన్లున్న చోటి నుంచే బయల్దేరాలి. అది తలకిందులైతే మార్కులు పోతాయి.

* తప్పుల కోసం ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలి. పరీక్ష ముందురోజు తిరగేయాల్సింది పాఠ్యపుస్తకాన్ని కాదు, దాన్ని.

* పాత ప్రశ్నపత్రాలు చివర్లో చూడటానికి కాదు, మొదట్నుంచీ రాయడానికి. గడియారం ముందు పెట్టుకుని రాయాలి. పాఠాల వరసలో కాకుండా కలిపి కొట్టి రాస్తే, ఏ ప్రశ్నకి ఏ సూత్రమో పోల్చుకోవడం అలవాటవుతుంది.

* బట్టీ అసలే వద్దని కాదు. అమైనో ఆమ్లాల పేర్లు, విటమిన్లు, కొన్ని మామూలు విలువలు నోటికి రావాల్సిందే. అక్షరాలు రానిదే సంధి లేదు కదా. అలాంటివి చిన్న అట్టముక్కల మీద ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు రాసుకుంటే బస్సులో కూడా తిప్పుకోవచ్చు.

* నిద్ర మానొద్దు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

అమ్మానాన్నలకి ఒక మాట

''ఎన్నిసార్లు చదివావు?'' అని అడగడం మానేయండి. ''ఏదీ, గీసి చూపించు'' అనండి. మీకు కెమిస్ట్రీ రానక్కర్లేదు. పిల్ల ఆగకుండా చెబుతోందా, నీళ్లు నములుతోందా అన్నది ఎవరికైనా తెలుస్తుంది. మా అక్క చదివింది బీకాం. అయినా వంట చేస్తూ రోజుకో పాఠం చెప్పించుకునేది. అర్థంకాక అది వేసే ప్రశ్నలే పిల్లకి వైవాలో పనికొచ్చాయి.

ఇంకొకటి. పరీక్ష తప్పిన పిల్లల ముందు పక్కింటి పిల్లల మార్కులు చదవకండి. పోలిక చెప్పాలనుంటే యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి చెప్పండి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, ఎల్ఎంఎస్‌తోనే బయటికొచ్చారు. ఆ తర్వాత అమెరికా వెళ్లారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1929లో అదే జంట కండరాల్లో ఏటీపీని గుర్తించింది. ఇవాళ మన పిల్లలు గ్లైకాలసిస్‌లో 'రెండు ఖర్చు, నాలుగు జమ' అని లెక్కేసే ఏటీపీ అదే! మెట్రిక్ తప్పిన భీమవరం కుర్రాడి పనే వాళ్ల సిలబస్ అయ్యింది.

పిల్ల మాటల్లో 'మానేస్తాను' దాటి 'బతకను' లాంటి మాట వినిపిస్తే మాత్రం, అది మార్కుల విషయం కాదు. పుస్తకాలు పక్కన పెట్టి పక్కన కూర్చోండి. ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూడు నెలల తర్వాత

మొన్న గుంటూరు వెళ్లాను. పిల్ల రెండో ఇంటర్నల్ పాసైంది. క్లాసు ఫస్టేమీ కాదు, పాస్ మార్కు మీద ఇంకో తొమ్మిది. యూనివర్సిటీ పరీక్ష ఇంకా ముందుంది. తమ్ముడికి బోర్డు పరీక్షలూ ముందున్నాయి. అయితే వాళ్ల గది గోడ నిండా ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితాలున్నాయి. హైలైటర్ ఎండిపోయి కిటికీలో పడి ఉంది.

ఫ్రిజ్ మీద కొత్త రిపోర్టు కనిపించింది. 7.4 శాతం. డాక్టరు చెప్పిన మాత్రలు వేళకి వేసుకుంటున్నారట, సాయంత్రం నడక మొదలుపెట్టారట. ఎవరు చెప్పినా వినని బావగారు మొత్తానికి కూతురు మాట విన్నారు. అక్క కాఫీ ఇస్తూ అలవాటుగా ''చక్కెర లేదు'' అంది. ఆయన గ్లాసు అందుకుని, ''వెయ్యొద్దులే. అంతా చిట్టాలో పడుతుంది'' అన్నారు.